విశాఖపట్నం నుండి అరకులోయ యాత్ర

అరకులోయ ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలో తూర్పు కనుమలపై ఉన్న చల్లని లోయ మరియు పర్యాటక కేంద్రము. ఇది విశాఖపట్నం నగరం నుండి రోడ్డు మార్గంలో సుమారు 115 కి.మీ. దూరంలో, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. 2022 ఏప్రిల్ 4 వరకు ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఆ రోజున జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి, పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది.

ఓడరేవు, ఉక్కు కర్మాగారము గల విశాఖ నగరవాసులకు ఎండ, ఉక్కపోతలనుండి ఒకటి రెండు రోజులు తప్పించుకొనడానికి అతి దగ్గరలో ఉన్న చల్లని ప్రదేశం ఇదే. తెల్లవారుజామున బయలుదేరి అదే రాత్రికి తిరిగి వచ్చే యాత్రికులే ఎక్కువ. ఈ పద్ధతిలో పగటిలో అధికభాగం దారిలోనే గడిచిపోతుంది. లోయకు ప్రత్యేకమైన చలి, మంచు, సంత, తెల్లవారుజామున కొండలపై మేఘాలు - ఇవేవీ మధ్యాహ్నపు నాలుగైదు గంటలలో కనిపించవు. కనీసం ఒక రాత్రి బస చేసేటట్లు ప్రయాణం ఏర్పాటు చేసుకుంటే ఈ లోటు ఉండదు.

భౌగోళికం, వాతావరణం

అరకులోయ చుట్టూ గాలికొండ, రక్తకొండ, సుంకరిమెట్ట, చితమొగొంది కొండలు ఉన్నాయి. లోయ అడుగుభాగం దాదాపు చదునుగా ఉండి, వరి, రాగి, వలిసె పొలాలతో నిండి ఉంటుంది.

ఎత్తు పెరిగేకొద్దీ గాలి చల్లబడుతుంది. ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. అందువలన కేవలం ఎత్తు కారణంగానే అరకు, విశాఖపట్నం కంటే ఐదారు డిగ్రీలు చల్లగా ఉంటుంది. శీతాకాలపు రాత్రులలో ఈ తేడా ఇంకా ఎక్కువ. విశాఖలో సముద్రం రాత్రిపూట కూడా వేడిని పూర్తిగా పోనివ్వదు. అరకులో ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రులలో నేల త్వరగా చల్లబడుతుంది. కొండవాలులపై చల్లబడిన బరువైన గాలి కిందకు జారి లోయ అడుగున చేరుతుంది. డిసెంబరు, జనవరి నెలలలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే తగ్గడానికి, పొద్దెక్కేవరకు పొగమంచు విడవకపోవడానికి కారణం ఇదే. మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది కనుక ఉదయం వచ్చి సాయంత్రం వెళ్ళేవారికి ఈ చలి అనుభవంలోకి రాదు.

ఉష్ణ మండలంలోను, దాని అంచునను ఎత్తైన ప్రదేశాలలో ఇటువంటి వాతావరణం ఉండడం సాధారణము. నైరుతి చైనాలోని యున్నాన్ రాష్ట్ర రాజధాని కున్మింగ్ సుమారు 1,890 మీటర్ల ఎత్తున ఉండడం వలన "వసంత నగరం" అని పేరు పొందినది. హైఫాంగ్ ఓడరేవు నుండి ఫ్రెంచివారు కొండలను తొలిచి వేసిన రైలు మార్గం 1910లో అక్కడికి చేరినది. యున్నాన్ రాష్ట్రంలో అరబికా కాఫీ కూడా విస్తారంగా పండుతుంది. అరకు చాలా చిన్న ఊరే అయినా, ఓడరేవు నుండి కొండపైకి ఎక్కే రైలు, కొండవాలులలో కాఫీ ఇక్కడ కూడా ఉన్నాయి.

అనువైన కాలం

* జూన్ నుండి సెప్టెంబరు వరకు: కొండలు పచ్చగా, జలపాతాలు నిండుగా ఉంటాయి. కాని కొండచరియలు విరిగిపడి రైలు, రోడ్డు మార్గాలు నిలిచిపోయే అవకాశం ఉన్నది. మన్యంలో మలేరియా ప్రబలే కాలం కూడా ఇదే.
* అక్టోబరు: వానలు తగ్గి ఆకాశం తేటపడుతుంది. అయితే ఇది తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను మన్యంలో కూడా కాఫీ తోటలకు నీడనిచ్చే చెట్లను కూల్చి, రైతులకు పెద్ద నష్టం కలిగించినది.
* నవంబరు నుండి జనవరి వరకు: యాత్రికుల రద్దీ అధికంగా ఉండే కాలం. నవంబరు, డిసెంబరులలో వలిసె పూలతో పొలాలు పసుపు పచ్చగా మారుతాయి. కాఫీ పండ్ల కోత కూడా ఈ నెలలలోనే జరుగుతుంది. డిసెంబరు చివరి వారంలోను, సంక్రాంతి సెలవులలోను గదులు దొరకడం కష్టం.
* మార్చి, ఏప్రిల్: మొదటి జల్లులు పడిన కొద్ది రోజులకు కాఫీ తోటలు తెల్లగా పూస్తాయి. ఈ పూలకు మల్లెల వంటి వాసన ఉంటుంది. రద్దీ తక్కువ. పగటివేళ ఎండ ఉన్నా రాత్రులు చల్లగానే ఉంటాయి.

రైలు మార్గం

అరకు మీదుగా వెళ్ళే కొత్తవలస - కిరండూల్ రైలు మార్గం యాత్రికుల కోసం వేసినది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం ఓడరేవుకు చేర్చి, జపానుకు ఎగుమతి చేయడానికి 1960ల దశకంలో దీనిని నిర్మించారు. దండకారణ్యం, బొలంగీర్, కిరిబురు ప్రాంతాల పేర్లతో చేపట్టిన పెద్ద పథకంలో ఇది ఒక భాగము. ఖనిజం ఎగుమతికి పెద్ద ఓడలు అవసరం కావడంతో విశాఖలో బాహ్య నౌకాశ్రయాన్ని నిర్మించారు. అది 1976లో ప్రారంభమైనది. 1980ల మొదట్లో రైలు మార్గాన్ని విద్యుదీకరించారు. సొంత ఇనుప గనులు లేని విశాఖ ఉక్కు కర్మాగారానికి కూడా బైలాడిలా ఖనిజం ఈ మార్గంలోనే వస్తుంది.

శృంగవరపుకోట దాటిన తరువాత బొడ్డవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ స్టేషన్ల మీదుగా బండి కొండ ఎక్కుతుంది. ప్రతి 60 మీటర్ల దూరానికి ఒక మీటరు ఎత్తు ఎక్కే ఈ మార్గంలో యాభైకి పైగా సొరంగాలు, అనేక వంతెనలు ఉన్నాయి. ఎదురుగా కొండ దిగి వచ్చే గూడ్సు బండ్లు ఖనిజంతో నిండి ఉంటాయి. ఓడరేవు వైపు నుండి ఎక్కేవాటిలో ఖాళీ వ్యాగన్లు ఎక్కువ. ఖనిజం బండ్లకు దారి ఇవ్వడానికి యాత్రికుల బండి మధ్యలో ఆగడం ఈ మార్గంలో మామూలు విషయం.

సుమారు 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ, దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో అత్యంత ఎత్తైనదిగా చాలాకాలం ప్రసిద్ధి పొందినది. 2008లో కాశ్మీరు లోయలో బ్రాడ్‌గేజ్ రైళ్ళు మొదలైన తరువాత ఆ స్థానం మారినది.

చేరుకునే విధానం

రైలు: విశాఖపట్నం నుండి కిరండూల్ వెళ్ళే పగటి బండి ఉదయం ఏడు గంటల లోపు బయలుదేరి, సుమారు మూడు గంటలలో బొర్రా గుహలు, నాలుగు గంటలలో అరకు చేరుతుంది. 2017 ఏప్రిల్‌లో ఈ మార్గంలో అద్దాల పైకప్పు గల విస్టాడోమ్ పెట్టెను ప్రవేశపెట్టారు. దానిలో సీట్లు త్వరగా నిండిపోతాయి కనుక చాలా ముందుగా రిజర్వేషను చేయించుకోవలెను. సాధారణ పెట్టెలలో కిటికీ పక్క సీటు కావలసినవారు అరగంట ముందుగానే స్టేషనుకు చేరడం మంచిది. రాత్రి బండిలో వెళితే కొండలు, సొరంగాలు కనిపించవు.

రోడ్డు: పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట, అనంతగిరి, సుంకరిమెట్ట మీదుగా సుమారు మూడు గంటల ప్రయాణం. విశాఖపట్నం ద్వారకా బస్ స్టేషను నుండి ఆర్టీసీ బస్సులు ఉన్నాయి. శృంగవరపుకోట తరువాత ఘాట్ రోడ్డు మొదలవుతుంది.

ప్రయాణ ప్రణాళికలో గమనించవలసిన ముఖ్య విషయం ఒకటి ఉన్నది. బొర్రా గుహలు అరకు కంటే ముందు వస్తాయి. పగటి బండిలో వెళ్ళి బొర్రాలో దిగినవారికి అక్కడినుండి అరకు వెళ్ళడానికి ఆ పూట వేరే బండి దొరకదు. అరకు వరకు వెళ్ళినవారు, సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో వచ్చే తిరుగు బండిని అందుకోవాలంటే లోయలో గడపడానికి మిగిలేది సుమారు ఐదు గంటలు మాత్రమే. బొర్రా, అరకు మధ్య రోడ్డు మార్గం సుమారు 35 కి.మీ. రానుపోను అంతా ఘాట్ రోడ్డే కనుక ఐదు గంటలలో రెండింటినీ చూడడం తొందరపాటు పనే అవుతుంది. అందువలన రైలులో నేరుగా అరకు చేరి, ఒక రాత్రి ఉండి, మరునాడు రోడ్డు మార్గంలో బొర్రా చూస్తూ దిగి రావడం అన్ని విధాల అనుకూలము. రైళ్ళ వేళలు మారుతూ ఉంటాయి కనుక బయలుదేరే ముందు విచారించుకోవలెను.

చూడదగిన ప్రదేశాలు

బొర్రా గుహలు: అనంతగిరి మండలంలో, సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న సున్నపురాతి గుహలు. "బొర్ర" అంటే ఒడియా భాషలో రంధ్రం అని అర్థం. వాన నీరు గాలిలోను, మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని స్వల్పంగా ఆమ్లగుణం పొందుతుంది. ఆ నీరు సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగించగా లక్షల సంవత్సరాలలో ఈ గుహలు ఏర్పడినవి. కరిగిన సున్నం చుక్కలతోపాటు దిగి, పైకప్పు నుండి ఊడల వలె వేలాడుతూ, నేలనుండి స్తంభాల వలె లేస్తూ వివిధ ఆకారాలు పొందినది. వీటిలో ఒకదానిని స్థానికులు శివలింగంగా పూజిస్తారు. శివరాత్రికి ఇక్కడ జాతర జరుగుతుంది. మేత మేస్తూ గుహ పైనున్న రంధ్రంలో పడిన ఆవును వెదుకుతూ వచ్చిన కాపరి ఈ లింగాన్ని కనుగొన్నాడని, ఆవు పొదుగునుండి పుట్టినందున ఇక్కడి నదికి గోస్తని అని పేరు వచ్చినదని స్థలపురాణం. గోస్తని నది భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. గుహల పైభాగం మీదుగానే రైలు మార్గం వెళుతున్నది.

కటికి జలపాతం: బొర్రాకు సమీపంలో ఉన్నది. కొంత దూరం జీపులలో, మిగిలిన దూరం నడకన వెళ్ళవలెను. వృద్ధులకు అనువైన దారి కాదు.

అనంతగిరి, గాలికొండ: ఘాట్ రోడ్డు పొడవునా కాఫీ తోటలు ఉన్నాయి. గాలికొండ వద్ద ఆగి చూస్తే వరుసలు వరుసలుగా కొండలు కనిపిస్తాయి.

పద్మాపురం ఉద్యానవనం: రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, సైనికులకు కూరగాయలు పండించి పంపడానికి దీనిని మొదలుపెట్టారు. అదే సంవత్సరం ఏప్రిల్ 6న విశాఖపట్నంపై జపాను విమానాలు బాంబులు వేసినవి. ఇప్పుడు ఇది పూలతోట. చెట్లపై కట్టిన కుటీరాలు, పిల్లల రైలు ఉన్నాయి.

గిరిజన మ్యూజియం: 1996లో ఏర్పాటు చేశారు. ఆదివాసుల ఇండ్లు, వ్యవసాయ పనిముట్లు, వేట సాధనాలు, ఆభరణాలు, పండుగల నమూనాలు ఇందులో ఉన్నాయి. లోయలో తిరగడానికి ముందే దీనిని చూసినట్లయితే తరువాత సంతలోను, ఊళ్ళలోను కనబడేవి బాగా అర్థమవుతాయి.

చాపరాయి: డుంబ్రిగుడ మండలంలో, పాడేరు వెళ్ళే దారిలో ఉన్నది. వెడల్పైన రాతిపలకపై నీరు జారుతూ ప్రవహిస్తుంది.

మాడగడ: అరకు సమీపంలోని కొండ. తెల్లవారుజామున ఇక్కడినుండి చూస్తే కింద లోయంతా మేఘాలతో నిండి సముద్రం వలె కనిపిస్తుంది. పాడేరు వద్ద వంజంగి కొండ కూడా ఇటువంటిదే. పొద్దు బాగా ఎక్కిన తరువాత వెళ్ళితే ప్రయోజనం లేదు.

సంత, కాఫీ, ఆహారం

అరకులో శుక్రవారం సంత జరుగుతుంది. చుట్టుపక్కల కొండ గ్రామాలవారు పసుపు, అల్లం, పిప్పళ్ళు, చింతపండు, కందమూలాలు, కోళ్ళు తెచ్చి అమ్మి, ఉప్పు, నూనె, బట్టలు, కుండలు కొనుక్కొని వెళతారు. సంతకు వచ్చేవారిలో చాలామంది కొండ దారులలో నడిచి రావలెను కనుక ఉదయం తొమ్మిది, పది గంటల తరువాతనే సందడి మొదలవుతుంది. ఒకప్పుడు మైదాన ప్రాంతపు వ్యాపారులు తూకాలలోను, అప్పులలోను ఆదివాసులను మోసగించేవారు. దీనిని అరికట్టడానికే ప్రభుత్వం 1956లో గిరిజన సహకార సంస్థను స్థాపించినది. దీని ప్రధాన కార్యాలయం విశాఖపట్నంలో ఉన్నది. అటవీ ఉత్పత్తులు, కాఫీ గింజలు కొనుగోలు చేసి తన దుకాణాలలో అమ్ముతుంది.

ఇక్కడి కాఫీ సిల్వర్ ఓక్ వంటి చెట్ల నీడలో పెరుగుతుంది. అవే చెట్లపైకి మిరియం తీగలను పాకిస్తారు. ఒకే కొమ్మపై పండ్లన్నీ ఒకేసారి పండవు కనుక ఎర్రబడినవాటిని మాత్రమే చేతితో ఏరవలెను. అదే తోటకు మూడు నాలుగు సార్లు తిరిగి రావలెను. పచ్చి, పండు కలిపి దూసివేస్తే రుచి, ధర రెండూ పడిపోతాయి. ఈ తోటలు ఎక్కువగా ఆదివాసీ కుటుంబాలకు చెందిన చిన్న కమతాలు. "అరకు వ్యాలీ అరబికా" కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2017లో పారిస్ నగరంలో అరకు పేరుతోనే ఒక కాఫీ దుకాణం వెలసినది.

బొంగు చికెన్ ఇక్కడి ప్రసిద్ధ వంటకం. మసాలా కలిపిన కోడి మాంసాన్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతిని ఆకులతో మూసి, నిప్పులపై కాలుస్తారు. నూనె వేయరు. వెదురులోని తేమతోనే మాంసం ఉడుకుతుంది. రాగి అంబలి స్థానికుల నిత్యాహారం.

ప్రజలు, భూమి హక్కులు

బగత, వాల్మీకి, కొండదొర, కోటియా, పోర్జా, గదబ, కోదు తెగలు ఈ ప్రాంతపు ప్రధాన నివాసులు. తెలుగుతో పాటు ఆదివాసీ ఒడియా ఇక్కడ ఒక తెగవారు మరొక తెగవారితో మాట్లాడుకునే భాష. స్త్రీలు ఒకరి నడుము మరొకరు పట్టుకొని వరుసగా అడుగులు వేసే ధింసా నృత్యానికి డప్పు, తుడుము, మోరి, కిరిడి వాయిస్తారు. అతిథిగృహాలలో సాయంత్రం వేళ ప్రదర్శించేది దీని కొద్దిభాగం మాత్రమే. పెళ్ళిళ్ళలోను, చైత్రమాసంలో వచ్చే ఇటుకల పండుగలోను ఊరంతా కలిసి ఆడుతుంది. ఆ పండుగ రోజులలో ఊరివారు దారికి అడ్డుగా కర్ర కట్టి వాహనాలను ఆపి పండుగ మామూలు అడుగుతారు. ఇది ఆచారము, భయపడనవసరం లేదు.

ఈ ప్రాంతం రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు కిందకు వస్తుంది. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలకు 1970లో చేసిన సవరణ "1/70 చట్టం" అని వాడుకలో ఉన్నది. దీని ప్రకారం షెడ్యూలు ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు బదలాయించడం చెల్లదు. బొర్రాకు సమీపంలోని నిమ్మలపాడు ప్రాంతంలో గనుల కోసం ప్రైవేటు కంపెనీకి ఇచ్చిన లీజుపై సమత అనే సంస్థ న్యాయస్థానానికి వెళ్ళినది. 1997 జూలై 11న సుప్రీం కోర్టు ఈ నిబంధన ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందని, ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతర కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వరాదని తీర్పు చెప్పినది. "సమత తీర్పు"గా పేరుపొందిన దీనిని దేశంలోని ఇతర ఆదివాసీ ప్రాంతాలవారు కూడా ఆధారంగా చూపుతారు.

యాత్రికులకు కూడా ఈ చట్టంతో సంబంధం ఉన్నది. లోయ అందానికి ముచ్చటపడి "ఒక స్థలం కొనుక్కుంటే బాగుండును" అనుకునేవారికి తక్కువ ధరకు స్థలాలు చూపే మధ్యవర్తులు ఎదురు కావచ్చును. అటువంటి కొనుగోలు చెల్లదు. స్థానికులకు మేలు చేయదలచినవారు పర్యాటకాభివృద్ధి సంస్థ అతిథిగృహాలలో గాని, ఆదివాసీ కుటుంబాలు నడిపే బసలలో గాని దిగడం, సంతలో నేరుగా వారివద్దనే కొనడం ఉత్తమము.

రెండు రోజుల ప్రణాళిక

గురువారం బయలుదేరితే శుక్రవారం సంత కూడా కలిసి వస్తుంది.

* మొదటి రోజు: ఉదయం విశాఖపట్నంలో రైలు. పదకొండు గంటల ప్రాంతంలో అరకు. బసకు చేరి, భోజనం తరువాత గిరిజన మ్యూజియం, పద్మాపురం ఉద్యానవనం. చీకటి పడకముందే పొలాల మధ్య నడక. రాత్రి బస.
* రెండవ రోజు: తెల్లవారకముందే మాడగడ. తిరిగి వచ్చి ఫలహారం. తొమ్మిది నుండి పదకొండు వరకు సంత. తరువాత అద్దె వాహనంలో సుంకరిమెట్ట, గాలికొండ, అనంతగిరి మీదుగా మధ్యాహ్నానికి బొర్రా. గుహలను సాధారణంగా సాయంత్రం ఐదు గంటలకు మూసివేస్తారు. నాలుగు గంటలకే బయలుదేరితే చీకటి పడేలోగా ఘాట్ దిగి శృంగవరపుకోట చేరవచ్చును.

మూడవ రోజు కూడా వీలున్నవారు చాపరాయి, పాడేరు, వంజంగి చూడవచ్చును. చలికి పేరుపొందిన లంబసింగి చింతపల్లి మండలంలో ఉన్నది. దానిని అరకుతో కలిపి ఒకే రోజులో చూడాలనుకోవడం మంచిది కాదు.

జాగ్రత్తలు

* నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ఉన్ని దుస్తులు తప్పనిసరి. వానాకాలంలో దోమతెర గాని, ఒంటికి రాసుకునే దోమల మందు గాని ఉండవలెను. తిరిగి వచ్చిన రెండు మూడు వారాలలో జ్వరం వస్తే మన్యం వెళ్ళివచ్చిన సంగతి వైద్యునికి చెప్పవలెను.
* చాపరాయి వద్ద నాచు పట్టిన రాళ్ళు ప్రమాదకరం. కాలు జారి ప్రాణాలు కోల్పోయినవారు ఉన్నారు. ఎగువన వాన పడితే నీరు హఠాత్తుగా పెరుగుతుంది.
* ఘాట్ రోడ్డుపై రాత్రివేళ, పొగమంచులో ప్రయాణం చేయరాదు. కొత్త డ్రైవర్లు ఈ దారికి తగరు.
* బొర్రా గుహలలో నేల తడిగా ఉంటుంది; జారని చెప్పులు అవసరం. సున్నపు స్తంభాలను తాకరాదు. చేతి జిడ్డు అంటినచోట సున్నం పేరడం ఆగిపోతుంది.
* కొండ గ్రామాలలో ఫోను సంకేతాలు సరిగా అందవు. సంతలో కొనడానికి చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోవలెను.
* కాఫీ తోటలు ఒకరి జీవనాధారము. అడగకుండా లోపలికి వెళ్ళడం, కొమ్మలు వంచి పండ్లు, పూలు కోయడం తగదు. మనుషులను, ముఖ్యంగా స్త్రీలను, ఫోటో తీసేముందు అనుమతి అడగవలెను.
* ప్లాస్టిక్ సీసాలు, పొట్లాలు కొండపై వదలక తిరిగి తెచ్చుకోవలెను. ఈ వాగుల నీటినే దిగువ ఊళ్ళవారు తాగుతారు.